వెనక్కి పోసే మాట

సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి వెంకటరత్నమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపేసి వీధి దాటి వస్తుంది. అంగలకుదురులో ఆవిడకి రెండెకరాల మాగాణి ఉంది, మూడు గేదెలున్నాయి, వాటన్నిటికీ సరిపడా నోరుంది. ఇంగ్లీషు ట్యూషన్ చెప్పే కరుణశ్రీ వాళ్ళ అరుగు దగ్గర ఆగి, గోడకి ఆనించిన నల్లబోర్డు వంక చూసి, రోజూ అడిగేదే అడుగుతుంది.

"ఇవాళేం మాటమ్మాయ్?"

"డ్రై అండి పిన్నిగారూ. ఎండడం."

"చచ్చి నీ కడుపున పుడతా. మిరపకాయలు మెత్తబడి కూచున్నాయి. ఇప్పుడే పట్టా పరుస్తా."

చీకటి పడబోతుంటే మిరపకాయలు ఆరబొయ్యడమేంటని ఆ వీధిలో ఎవరూ అడగరు. ట్యూషన్ పిల్లలు ఇంటికి వెళ్ళేసరికి అవి గలగలలాడుతుంటాయి, అంతే. డ్రై, డ్రెయిన్ అనే మాటలు రెండూ పూర్వం ఒక తల్లి బిడ్డలేనని కరుణశ్రీ చెప్పిన రోజున మురుక్కాలవ కూడా అడుగంటా ఎండిపోయి, దోమలు పక్కవీధికి వలసపోయాయి. వెయిట్ అనే మాట మొదట్లో మేలుకుని కాపలా కాయడమని చెప్పిన రోజున కొల్లిపర బస్సు మలుపు దగ్గర ఆగి, రావలసినవాళ్ళందరూ వచ్చేదాకా కదల్లేదు. డ్రైవరు దిగి టీ తాగాడు. ఎవరూ ఒక్క మాటనలేదు. ఫాల్ అనే మాట చెప్పబోయే ముందు మాత్రం కరుణశ్రీయే ఇంటింటికీ కబురు పెడుతుంది, కొబ్బరిచెట్ల కింద మంచాలు వెయ్యొద్దని.

బోర్డు వాళ్ళ నాన్న దేవసహాయం మాస్టారిది. ఆయన మిషన్ స్కూళ్ళల్లో ముప్ఫై రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాడు. గోడలకి ఆకుపచ్చ బోర్డులు వచ్చాక పాతదాన్ని పొయ్యిలోకి పంపుతుంటే రిక్షాలో వేయించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. దాని మీద మూడు గళ్ళు గీసేవాడు: అర్థం, పుట్టుక, వాడుక. మాటకి ఏంటి అర్థం, అది ఎక్కడ పుట్టి ఎట్లా వచ్చింది, ఇప్పుడు ఎట్లా వాడతాం. మూడూ సరిగ్గా నింపితే ఆ క్రియ లేచి వీధిలో పని మొదలుపెట్టేది. బోర్డు తుడిచేదాకా చేస్తూనే ఉండేది. ఆయన పోయాక గళ్ళు కూతురు గీస్తోంది.

అయితే ఒక షరతుంది. మూడో గడిలో రాసే వాక్యం నిజమై ఉండాలి. రాసినవాళ్ళు తమ బతుకులో ఆ పని చేసి ఉండాలి. పుస్తకంలో వాక్యం ఎత్తి రాస్తే బోర్డు ఉలకదు, పలకదు. మాస్టారి నోటుపుస్తకంలో మూడో గడి నిండా ఆయన జీవితమే ఉండేది. మా అమ్మని వీపున మోసుకుని రేవు దాటించాను, ఫలానా ఏడు గాలివానలో బడి తలుపు పట్టుకుని నిలబడ్డాను, ఇట్లాంటివి. కరుణశ్రీ చేతిలో కూడా కొన్ని మాటలకి మహా బలం ఉండేది. ఎదురుచూడ్డం, మొయ్యడం, పూర్తిచెయ్యడం, సర్దుకోవడం. ఇవి రాస్తే వీధి వీధంతా కదిలేది.

ఒక్క మాట మాత్రం ఆవిడకి లొంగలేదు. రెండేళ్ళ కిందట పదో తరగతి పిల్లల జాబితాలో రెఫ్యూజ్ వచ్చింది. అర్థం రాసింది, పుట్టుక రాసింది. మూడో గడిలో ఏం రాయాలో తోచక, ఒక పిల్లాడు వంకాయ కూర తిననన్నాడు అని రాసింది. తనది కాని వాక్యం రాసేసరికి మాట తిరగబడింది. ఆ సాయంత్రం వీధిలో వంకాయ పొడ గిట్టని పిల్లలు కూడా మారు వడ్డించుకుని తిన్నారు. ఏ ఇంట్లోనూ గిన్నె అడుగున ముక్క మిగల్లేదు. ముందు వరసలో కూచునే షారోన్ అనే ఎనిమిదో తరగతి పిల్ల లేచి అడిగేసింది.

"టీచర్, మీరెప్పుడూ దేన్నీ రెఫ్యూజ్ చెయ్యలేదా?"

కరుణశ్రీ సుద్దముక్క పట్టుకుని నిజాయితీగానే వెతుక్కుంది. "గుర్తుకు రావట్లేదమ్మా," అంది.

నిజమే మరి. నలభై రెండేళ్ళ మనిషి. చూడ్డానికి వచ్చిన ప్రతి సంబంధానికీ సరే అంది, కాదన్నది అవతలివాళ్ళే. తెనాలిలో ఆవిడ పనిచేసే ప్రైవేటు స్కూల్లో ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ క్లాసులు ఆవిడవే, ఆదివారం స్టడీ అవర్లు ఆవిడవే, వార్షికోత్సవానికి కుర్చీలు లెక్కపెట్టేదీ ఆవిడే. సరేనండి అనే మాట ఆవిడ నోట్లోంచి ఊపిరితోపాటు వచ్చేది.

ఆ స్కూల్లో చేరిన రోజున, తొమ్మిదేళ్ళ కిందట, ఆవిడ చేసిన మొదటి పని తన సర్టిఫికెట్లు అప్పగించడం. పదో తరగతి మొదలు బీఎడ్ దాకా అన్నీ ఒరిజినల్స్. అదేం వింత కాదు, ప్రైవేటులో పాఠం చెప్పే ప్రతివాడికీ తెలిసిన ఆచారమే. కరస్పాండెంటు బసవేశ్వరరావు గారి గదిలో ఒక ఇనప బీరువా ఉంటుంది, అందులో నలభై ఒక్కమంది టీచర్ల కాగితాలుంటాయి, తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. "మీ ఇళ్ళల్లో చెదలు పడతాయమ్మా, ఇక్కడైతే భద్రం," అంటాడాయన. ఏడాది మధ్యలో ఎవరూ మానకుండా ఉండటానికని అందరికీ తెలుసు. తప్పని కూడా అందరికీ తెలుసు. తెలిసి కూడా అందరూ ఇచ్చారు, చదువుకున్నవాళ్ళు కదా, జిరాక్సులు తీసుకుని మరీ ఇచ్చారు.

ఈ ఏడు ఆగస్టు చివర ఒక గురువారం మధ్యాహ్నం కరుణశ్రీ ఫోనుకి మెసేజ్ వచ్చింది. మూడుసార్లు రాసిన డీఎస్సీలో మూడోసారికి ఆవిడ పేరు జాబితాకెక్కింది. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు టీచరు. సోమవారం పొద్దున పదింటికి బాపట్లలో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపించలేకపోతే పోస్టు జాబితాలో తరవాతివాళ్ళకి పోతుంది. మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చేనాటికి తన వయసు ఒప్పుకుంటుందో లేదో ఎవరు చెప్పగలరు?

స్టాఫ్ రూములో ఈ సంగతి ముందు లెక్కల టీచరు బిందుమాధవికి చెప్పింది. ఆ అమ్మాయి రోజూ రేపల్లె నించి రైల్లో వస్తుంది. మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే మాడిపోయింది.

"ఒరిజినల్స్ ఇవ్వడక్కా," అంది. "పోయినేడు నాకూ ఒక ఉద్యోగం వచ్చింది, బాపట్లలోనే. అడిగితే ఏప్రిల్‌లో చూద్దామన్నాడు. జిరాక్సులు పట్టుకుని వెళ్తే గేటు దగ్గర్నించే పంపేశారు. మర్నాడు మామూలుగానే బండెక్కి వచ్చి క్లాసు చెప్పా. ఎవరికీ చెప్పలేదు."

"నాకైనా చెప్పొచ్చుగా బిందూ."

"చెప్పి ఏం చేద్దామక్కా, ఇద్దరం కూచుని ఏడుద్దామా?"

శుక్రవారం బసవేశ్వరరావు గారు ఊళ్ళో లేడు. శనివారం మధ్యాహ్నం దొరికాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. గదిలోకి వచ్చిన ఆడవాళ్ళని నిలబెట్టడు.

"కూచో అమ్మా. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దండి. సోమవారం బాపట్లలో వెరిఫికేషన్ ఉందండి. ఒరిజినల్స్ ఇప్పిస్తే..."

"విన్నాను తల్లీ, చాలా సంతోషం. మన స్కూలుకే పేరు. కానీ టెన్త్ పిల్లల్ని నడిమధ్య వదిలేసి పోతావా? నీ మనసు ఎట్లా ఒప్పుకుంటోంది?"

"జాయిన్ అవడానికి టైమిస్తారండి. ఈలోపల పోర్షన్ పూర్తి చేస్తాను. ఆదివారాలు కూడా వస్తానండి."

"ఏప్రిల్‌లో ఇస్తాను. నా చేతుల్తో నీ చేతికిస్తాను. మాటంటే మాటే."

"ఏప్రిల్‌దాకా పోస్టు ఆగదండి."

"పోతే ఏమైందమ్మా? ఇక్కడ నిన్ను పరాయిదానిలా చూశామా? నువ్వు మా ఇంటి ఆడపిల్లవి." బల్ల సొరుగులోంచి టైపు చేసిన కాగితం తీసి ఆవిడ ముందుకు జరిపాడు. "ఇదిగో, ఊరికే ఒక సంతకం. ఈ ఏడాది ఆఖరుదాకా ఇక్కడే ఉంటానని. నిన్ను చూసి మిగతావాళ్ళు బెదరకుండా."

పెన్ను కూడా ఆయనే మూత తీసి ఇచ్చాడు. అలవాటున చెయ్యి అందుకుంది. అలవాటున సరేనండి నాలిక చివరిదాకా వచ్చింది. కాగితం మీద తన పేరు ముందే టైపు చేసి ఉండటం చూసింది కరుణశ్రీ. అంటే తను గదిలోకి రాకముందే టైపు చేయించారు. తను ఒప్పుకుంటుందో లేదో అనే అనుమానం కూడా ఎవరికీ రాలేదన్నమాట. అప్పుడొచ్చింది కోపం. తొమ్మిదేళ్ళుగా రావలసిందంతా కలిసి ఒక్కసారే వచ్చింది. చెవులు వేడెక్కాయి.

పెన్నుకి మూత పెట్టి బల్ల మీద పడేసింది. "చెయ్యనండి," అంది.

"ఏంటమ్మా?"

"సంతకం చెయ్యనండి. నా కాగితాలు నాకు ఇచ్చెయ్యండి."

కాదనేటప్పుడు కూడా అండీలు పోలేదు. పోకపోతేనేం, మాట మాత్రం పడాల్సిన చోట పడింది. బసవేశ్వరరావు గారు జేబులో తాళంచెవి ఉందో లేదో తడుముకుని, నవ్వి, "సోమవారం ప్రశాంతంగా మాట్లాడుకుందాం," అన్నాడు. సోమవారానికి అంతా అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

బయటికి వచ్చి గేటు వైపు నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ బర్నబాస్ ఆవిడ మొహం చూసి దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మాయి, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది బాబాయ్. కాదన్నాను."

"ఎవర్ని?"

"సార్‌ని."

బర్నబాస్ ఆయన గది కిటికీ వైపు ఒకసారి, ఈవిడ వైపు ఒకసారి చూశాడు. తర్వాత తన స్టూలు తెచ్చి ఆవిడకి వేశాడు. పధ్నాలుగేళ్ళలో ఆ స్టూలు ఆయన ఎవరికీ ఇచ్చి ఎరగడు.

ఇంట్లో వాళ్ళమ్మ మంగాయమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కూతురు జరిగింది చెబుతుంటే చేతులు ఆగిపోయాయి.

"నువ్వా? కాదన్నావా?"

"నేనేనమ్మా."

"ఇంకోసారి చెప్పు, వింటా." రెండోసారి కూడా పూర్తిగా విని, మంగాయమ్మ లేచి ట్రంకుపెట్టెలోంచి మాస్టారి నోటుపుస్తకం తెచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు గానీ ఏ పేజీ ఎక్కడుందో తెలుసు. రెఫ్యూజ్ పేజీ తీసి చూపించింది. రెండు గళ్ళు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి ఉన్నాయి. మూడో గడి ఖాళీ.

"మీ నాన్న మంచోడే, నేను కాదనను. కానీ ఎవరేం చెప్పినా తలూపాడు. ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి సామాను కట్టాడు. ఈ ఒక్క గడి నింపకుండానే పోయాడు పాపం. నువ్వు నింపు."

అప్పటిదాకా కరుణశ్రీకి ఆ ఆలోచనే రాలేదు. ఎన్నేళ్ళ నించో ఆవిడ బోర్డు వీధి కోసం పనిచేసింది గానీ తన కోసం ఒక్కరోజు పనిచెయ్యలేదు మరి.

ఆదివారం గుళ్ళో ఆరాధన అయ్యాక ట్యూషన్ పిల్లలకి కబురెళ్ళింది. సెలవు రోజున పాఠమేంటని సణుక్కుంటూనే పదిమంది వచ్చారు. ఆవిడ ఇంకా గుడికి కట్టుకెళ్ళిన తెల్లచీరలోనే ఉంది. మూడు గళ్ళు గీసింది.

"రెఫ్యూజ్," అంది. "అర్థం, కాదనడం, ఒప్పుకోకపోవడం. పుట్టుక లాటిన్‌లో. రె అంటే వెనక్కి, ఫుండెరె అంటే పొయ్యడం. వెనక్కి పోసెయ్యడమన్నమాట. తనది కానిది, ఉంచుకోకూడనిది గిన్నెలో పడితే, గిన్నె దాన్ని ఉంచుకోదు. ఎవరిది వాళ్ళకి పోసేస్తుంది. ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నించి ఇంగ్లీషు వాళ్ళకి వచ్చేసరికి పొయ్యడం పోయి కాదనడం మిగిలింది."

"అంటే గిన్నె కూడా కాదంటుందా టీచర్?" అంది షారోన్.

"గిన్నే ముందు కాదందమ్మా. మనం తర్వాత నేర్చుకున్నాం."

మూడో గడి దగ్గరికి జరిగింది. అందులో రాసింది: ఐ రెఫ్యూజ్డ్ టు సైన్. సంతకం చెయ్యనన్నాను.

రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. ముందు వెంకటరత్నమ్మ ఇంట్లోంచి స్టీలు గిన్నెలు రావడం మొదలుపెట్టాయి. ఎప్పుడెప్పుడో కూరలతో వచ్చి ఆవిడ అటక మీద స్థిరపడిపోయినవి, ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగి ఎవరింటికి అవి వెళ్ళాయి. ఆవిడ వాకిట్లో నిలబడి, "అడిగితే నేనే ఇచ్చేదాన్నిగా," అని వాటి వెనకే అంటూ ఉంది. అదే వీధిలో రామకృష్ణ వాళ్ళింట్లో పదేళ్ళుగా ఉన్న పక్కవాళ్ళ నిచ్చెన కూడా గోడ దాటి వెళ్ళిపోయింది.

బోర్డు బలం మామూలుగా వీధి చివరిదాకే. తెనాలిలో స్కూలు మూడు కిలోమీటర్ల పైమాట. కరుణశ్రీ సుద్దముక్క పట్టుకుని రోడ్డు వంకే చూస్తూ కూచుంది. అందదేమో అనుకుంది. అందకపోతే ఇంకేం లేదు, రేపు ఉత్త చేతులతో బాపట్ల బస్సెక్కాలి. నలభై రెండేళ్ళ పాటు వాడకుండా ఉంచిన మాట కదా, దాని బలం ఎంతో ఆవిడకే తెలీదు. పావుగంటకి ఫోను మోగింది.

"అమ్మాయి, బర్నబాస్‌ని. పెద్దసారు గదిలో బీరువా తలుపులు తెరుచుకున్నాయి. కాగితాలు బయటికి పోస్తోంది."

"ఎంత దూరం వచ్చాయి బాబాయ్?"

"గేటు దాకా వచ్చి ఆగాయి. చీలమండల లోతున ఉన్నాయి. గేటు తియ్యమంటావా?"

"తియ్యి బాబాయ్."

"తీశానులే. నిన్నడిగేలోపే తీశా. ఎవరివి వాళ్ళింటికి పోతుంటే నేనెందుకు ఆపాలి? రేపల్లె వాళ్ళవి స్టేషన్ వైపు తిరిగాయి."

కరుణశ్రీ కాగితాలు ఒంటిగంటన్నరకి వచ్చాయి. రోడ్డు వారగా పారుకుంటూ, ఆటోలు పక్కకి తప్పుకుంటుంటే, మలుపు తిరిగి వీధిలోకొచ్చాయి. అరుగు మెట్లెక్కి ఆవిడ పాదాల దగ్గర వరసగా ఆగాయి. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, బీఎడ్. వాటిని ఒళ్ళో పెట్టుకుని చీరకొంగుతో దుమ్ము తుడుస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. తన పేరు తన చేతిలోంచి పోయి తొమ్మిదేళ్ళయింది మరి. మంగాయమ్మ పక్కన కూచుని ఒక్కొక్కటే తీసుకుని చదవలేకపోయినా చదివినట్టే చూసింది.

రెండున్నరకి కారొచ్చింది. మామూలుగా పది నిమిషాల దారి, ఇవాళ గంట పట్టింది. రోడ్డు మీద కాగితాలు పారుతుంటే వాటి మీదుగా బండి పోనివ్వడానికి బసవేశ్వరరావు గారికి మనసొప్పలేదు. ఆ మాత్రం మర్యాద ఆయనకుంది, లేదంటే అబద్ధమే. అరుగు మీద కుర్చీ వేశారు, మంగాయమ్మ మజ్జిగ ఇచ్చింది.

"నీవి వచ్చేశాయి కదమ్మా," అన్నాడు. "సంతోషం. దేవుడు మేలు చేశాడు. ఇంక ఆ బోర్డు తుడిచెయ్యి."

"మిగతావాళ్ళవి ఇంకా దారిలో ఉన్నాయండి."

"అదే నేనూ చెప్పేది. కర్లపాలెం వాళ్ళవి సగం దారి కూడా వెళ్ళలేదు. రేపల్లెవి ప్లాట్‌ఫారం మీద బండి కోసం చూస్తున్నాయి. ఇప్పుడు తుడిస్తే ఎక్కడివక్కడ ఆగుతాయి, మావాళ్ళు ఏరుకొస్తారు. పైన మబ్బు చూడు. తడిసిపోతే ఆ పాపం ఎవరిది?"

ఆయన గ్లాసు కింద పెట్టి ముందుకు వంగాడు.

"రేపు నా కారు పంపిస్తా, బాపట్ల దాకా దర్జాగా వెళ్ళు. నా చేత్తో మంచి కాండక్ట్ సర్టిఫికెట్ రాసిస్తా. తొమ్మిదేళ్ళు పనిచేశావు, రాయాల్సిందే. లేదనుకో, అప్పుడు కూడా రాస్తాను. కాకపోతే వేరేగా రాయాల్సొస్తుంది. ఎవరి గురించి ఏం రాసినా బాపట్లలో చదువుతారు కదమ్మా."

అంతా అదే మెత్తని గొంతుతో అన్నాడు. కరుణశ్రీకి భయం వేసింది. వెయ్యలేదని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. ఒళ్ళో ఉన్న కాగితాల మీద రెండు చేతులూ బిగిశాయి. తనది తనకి వచ్చేసింది. గుడ్డ తీసి ఒక్కసారి అటూ ఇటూ రాస్తే చాలు, రేపట్నించి తనదో కొత్త బతుకు. తనకోసం ఎవరాగారు ఇన్నాళ్ళూ? ఇంత దూరం ఆలోచించాక బిందుమాధవి మాట చెవిలో పడింది, ఎవరికీ చెప్పలేదు అన్న మాట. జిరాక్సులు పట్టుకుని గేటు దగ్గర్నించి తిరిగొచ్చి, మర్నాడు క్లాసులో నిలబడి లెక్కలు చెప్పిన పిల్ల. ఆ పిల్ల కాగితాలు ఇప్పుడు స్టేషన్లో బండి కోసం నిలబడి ఉన్నాయి.

లేచింది. కాగితాలు వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి బోర్డు దగ్గరికి వెళ్ళింది. సుద్దముక్క తీసుకుని మొదటి వాక్యం కింద ఇంకోటి రాసింది: ఐ రెఫ్యూజ్ టు వైప్ దిస్ బోర్డ్.

"ఏం రాశావే?" అంది మంగాయమ్మ.

"ఈ బోర్డు తుడవను అని."

చెప్పింది వాళ్ళమ్మకే గానీ చూసింది ఆయన వైపు. "మీరేం రాసుకుంటారో రాసుకోండి. నా గురించి మీరు రాసేది నిజమైతేనే పనిచేస్తుందండి. ఇక్కడ పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు."

ఆయన లేచాడు. మేకుకి వేలాడుతున్న గుడ్డని తనే అందుకోబోయాడు. మంగాయమ్మ సర్టిఫికెట్లు గుండెలకి పెట్టుకుని వచ్చి బోర్డుకి వీపానించి కూలబడింది. వెంకటరత్నమ్మ ఎప్పుడు వీధి దాటిందో ఆ పక్కన కూచుంది. ఆ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, ఆ వెనక పిల్లలు. వెంకటరత్నమ్మ పైట సర్దుకుంటూ ఎంతో మర్యాదగా చెప్పింది.

"అన్నయ్యగారూ, పాఠం ఇంకా అవలేదు. మా గిన్నెలు పోయినా మేమే ఊరుకున్నాం. కూచుంటే కూచోండి, లేదంటే ఎండ పడకముందే బయల్దేరండి."

ఎండ లేదు, మబ్బే ఉంది. ఆడవాళ్ళని తప్పించి గోడ దగ్గరికి వెళ్ళే మనిషి కాదాయన. కాసేపు నిలబడి, మిగిలిన మజ్జిగ తాగి, కారెక్కాడు.

రెండో వాక్యం రాశాక కాగితాల నడక మారిందని తర్వాత చూసినవాళ్ళు చెప్పారు. అప్పటిదాకా పారినవి పరుగెత్తాయి. రేపల్లె బండి కదిలే ముందు రెండో పెట్టెలోకి ఎక్కి సీట్ల కింద సర్దుకుని కూచున్నాయి. టీసీ వచ్చి చూసి, తలుపు దగ్గర గాలి తగులుతుందేమో ఇంకాస్త లోపలికి జరగమన్నాడు. వాన అయిదున్నరకి పడింది. కర్లపాలెం డ్రాయింగ్ మాస్టారి డిప్లొమా ఒక మూల తడిసింది, మిగతావన్నీ పొడిగానే చేరాయి. చీకటి పడే వేళకి బిందుమాధవి ఫోన్ చేసింది. కరుణక్కా అని పిలిచి ఏడ్చేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇద్దరూ అట్లాగే ఉన్నారు. ఈసారి కూచుని ఏడవడానికి ఇద్దరున్నారు కదా.

సోమవారం పొద్దున్నే ఆవిడ మామూలు బస్సులోనే బాపట్ల వెళ్ళింది. పరిశీలన జరుగుతున్న హాల్లో బల్ల వెనక ఉన్న ఆఫీసరు కాగితాలు ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూశాడు. తర్వాత ఇప్పటిదాకా ఎక్కడ పనిచేస్తున్నారని అడిగాడు. చెప్పింది.

"ప్రైవేటులోనా? మధ్యలో ఒరిజినల్స్ ఇచ్చారా మీకు?"

"ఇవ్వలేదండి. వచ్చాయి."

ఆయన తలూపి ముద్ర వేశాడు. సొరుగులోంచి ఒక కవరు తీసి చూపించాడు. "మీ కరస్పాండెంటు గారి దగ్గర్నించి పొద్దున మనిషి తెచ్చిచ్చాడు. మీ నడవడి గురించట. చించి చూస్తే లోపల తెల్లకాగితం ఉంది. అక్షరం లేదు." దాన్ని పక్కన చెత్తబుట్టలో వేసి, తరవాతి పేరు పిలిచాడు.

మంగళవారం కరుణశ్రీ రాజీనామా ఉత్తరం ఇవ్వడానికి స్కూలుకెళ్ళింది. మొదటి గంట కొట్టి చాలాసేపయింది, క్లాసుల్లో పిల్లలు గోలగోలగా ఉన్నారు. స్టాఫ్ రూములో మాత్రం నలభైమందీ ఉన్నారు. ఎవరి కుర్చీలో వాళ్ళు, ఎవరి ఒళ్ళో వాళ్ళ సర్టిఫికెట్ల ఫైలు. బిందుమాధవి పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చింది.

బసవేశ్వరరావు గారు వచ్చాడు. ఆయన స్టాఫ్ రూముకి రావడం అదే మొదటిసారి. ఎప్పుడూ కబురు పెట్టి పిలిపించుకోవడమే గానీ తనొచ్చింది లేదు. ఆయన్ని చూసి ఎవరూ లేవలేదు. గుమ్మంలో నిలబడి, అందరి ఒళ్ళోనూ ఉన్నవాటిని చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలు ఎదురుచూస్తున్నారమ్మా," అన్నాడు. "ఎవరూ మానుకోరు కదా?"

బిందుమాధవి తన ఫైలు సంచిలో పెట్టింది. సంచికి జిప్పు లాగింది. భుజానికి తగిలించుకుని, అప్పుడు లేచింది.

"టెన్త్ బీకి వెళ్తున్నానండి," అంది. "సాయంత్రం బండికి ఇవి నాతోనే రేపల్లె వస్తాయి. రేపు నేను రావాలో వద్దో రాత్రికి మా ఇంట్లో కూచుని నేనే అనుకుంటాను."